చదువు చెప్పే కుర్రాళ్ళు సరే, వాళ్ళ వెనకాల ఎవరున్నారు?

కాలేజీ పిల్లలు ఊళ్ళోకెళ్ళి బడి పిల్లలకి నాలుగు ముక్కలు చెప్పటం మన బందరు వైపు కొత్తేం కాదు. సాయంత్రం ఐదున్నరకి ప్రైమరీ స్కూలు వరండాలో చాప పరుస్తారు. ఒకళ్ళు ఎక్కాలు చెబుతారు, ఇంకొకళ్ళు తెలుగు వాచకం చదివిస్తారు. మొదటి వారం ఫోటో పేపర్లో పడిద్ది. రెండేళ్ళు తిరిగేసరికి ఆ పిల్లల డిగ్రీ అయిపోద్ది, హైదరాబాదో బెంగుళూరో వెళ్ళిపోతారు. చాప ఎవరింటి అటక మీదో ఉండిపోద్ది. నాలుగో క్లాసులో గుణింతాల దగ్గర ఆగిన పిల్ల ఐదో క్లాసుకి వచ్చినా గుణింతాల దగ్గరే ఉండిద్ది.

ఇందులో ఆ కుర్రాళ్ళ తప్పేం లేదు. విద్యార్థి అంటేనే వెళ్ళిపోయేవాడు. చదువైపోయినా వెళ్ళకుండా అక్కడే తిరుగుతుంటే అప్పుడు అనుమానించాలి. కాబట్టి విద్యార్థులు నడిపే ఏ చదువు కార్యక్రమానికైనా వెళ్ళిపోని మనుషులు కొందరు వెనక ఉండాలి. వాళ్ళు పాఠం చెప్పక్కర్లేదు. బడి హెడ్మాస్టరుతో మాట్లాడి తాళం ఇప్పించటం, లెక్క రాయటం, వెళ్ళిపోయే బ్యాచి దగ్గర్నుంచి వచ్చే బ్యాచికి పని అప్పజెప్పించటం, ఆడపిల్లలు చీకటి పడకముందే ఇళ్ళకి చేరారో లేదో చూడటం వాళ్ళ పని. స్వచ్ఛంద సంస్థ అని మనం అనేది ఈ పనులు చేసే నలుగురైదుగురినే. బోర్డు మీద పేర్లు వేరే ఉండొచ్చు.

ఆ నలుగురు ఎలాంటోళ్ళయితే పని నిలబడిద్దో తెలుసుకోవాలంటే దూరం పోనక్కర్లేదు. బందర్లోనే 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రలో తిరిగి ఉపన్యాసాలిచ్చిన వేడిలోంచి పుట్టిన ఆలోచన అది. ఉపన్యాసం వేడి ఎన్నాళ్ళుండిద్ది? నాలుగు నెలలుంటే ఎక్కువ. మూడేళ్ళ తర్వాత కూడా అది బడిగా మారిందంటే ముగ్గురు మనుషులున్నారు గనక. కోపల్లె హనుమంతరావు గారు ప్లీడరీ వదులుకుని బడిలో కూర్చున్నారు. ముట్నూరి కృష్ణారావు గారి చేతిలో కృష్ణాపత్రిక ఉంది, బడి సంగతి జనానికి చెప్పే నోరు అదే. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు డాక్టరు, లోకజ్ఞానం, లెక్క రెండూ తెలిసిన మనిషి. 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఆయనే. ఒకరిది పూర్తి కాలం పని, ఒకరిది మాట, ఒకరిది లెక్క. ముగ్గురూ ఉపన్యాసాలకే దిగితే ఆ బడి సంవత్సరం దాటేది కాదని నా నమ్మకం. హనుమంతరావు గారు 1922లోనే పోయారు, చిన్న వయసులో. అయినా కళాశాల వెంటనే మూతపడలేదంటే భారమంతా ఒక్క భుజం మీదే లేదన్నమాట.

అదే 1907లో రాజమండ్రిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు అనే విద్యార్థి వందేమాతరం బిళ్ళ పెట్టుకున్నాడని కాలేజీ నించి గెంటేశారు. తర్వాతి కాలంలో ఆంధ్ర గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకి పెద్ద దిక్కయింది ఆయనే. విద్యార్థిగా ఉద్యమంలోకొచ్చి, వయసొచ్చాక విద్యార్థుల వెనక నిలబడ్డ మనిషి. మనకి కావాల్సిన రకం ఇదే. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో గ్రంథాలయ సంఘం పుట్టింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా పశ్చిమ డెల్టా కాలవల మీద పడవల్లో పుస్తకాలు తిప్పారు. పాఠకుడు రాలేని చోటికి పుస్తకమే పోయింది. డెల్టా మనిషికి తట్టాల్సిన ఆలోచనే అది, కాలవ మనకి రోడ్డుకంటే పాతది కదా.

గోరా గారి సంగతి కూడా చెప్పుకోవాలి. బందరు హిందూ కాలేజీలో లెక్చరరుగా ఉండి, నాస్తికత్వం కారణంగా ఉద్యోగం పోగొట్టుకున్నారు. ముదునూరు వాళ్ళు రమ్మంటే 1940లో భార్య సరస్వతి గారితో, పిల్లలతో అక్కడికి మకాం మార్చి నాస్తిక కేంద్రం మొదలెట్టారు. ఆయన అభిప్రాయాలు మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. పని చేసే ఊళ్ళో కాపురం ఉండటం మాత్రం చూడండి. బెజవాడ నించి కారులో వచ్చి వెళ్ళే అధ్యక్షుడికి, వీధి చివర పంపు దగ్గర కనపడే కార్యదర్శికి తేడా ఊరివాళ్ళకి ఒక్క రోజులో తెలిసిపోద్ది.

1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమకి ఎక్కడెక్కణ్ణించో జనం వచ్చారు. సర్కారు లెక్కలోనే పదివేల మంది దాకా పోయారు. శవాలు తీసినవాళ్ళలో, గుడిసెలు కట్టినవాళ్ళలో కాలేజీ పిల్లలున్నారు. వాళ్ళు మళ్ళీ క్లాసులకి వెళ్ళిపోవాల్సిందే, వెళ్ళారు. అవనిగడ్డలో మండలి వెంకట కృష్ణారావు గారు, ఘంటసాల పక్క శ్రీకాకుళంలో ఆర్థిక సమతా మండలి వాళ్ళు ఇక్కడే ఉండి పని చేశారు. సహాయం తెచ్చినవాళ్ళని మెచ్చుకుంటాం, బాగానే ఉంది. సహాయం ఆగిపోయాక కూడా ఉన్నవాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఎక్కువ.

మన కాలానికొస్తే జనవిజ్ఞాన వేదిక ఉంది. 1988లో పుట్టింది. నడిపినవాళ్ళలో ఎక్కువమంది టీచర్లు, లెక్చరర్లు, డాక్టర్లు. చెకుముకి పత్రిక, చెకుముకి సైన్స్ సంబరాలు వాళ్ళవే. 1990 తర్వాత నెల్లూరు అక్షరాస్యత ఉద్యమంలో ఊరూరా చదువుకున్న కుర్రాళ్ళు, అమ్మాయిలు రాత్రి బడి చెప్పారు, జీతం లేకుండా. అక్కడ దూబగుంటలో అక్షరం నేర్చుకున్న ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి వెళ్ళిన కథ దేశమంతా తెలుసు. టీచర్లు ముందుండటంలో ఒక సౌకర్యం, ఒక ఇబ్బంది ఉన్నాయి. పిల్లాడికి ఏం రాదో వాళ్ళకి చూడగానే తెలిసిద్ది. ట్రాన్స్‌ఫరొస్తే మాత్రం సంఘం సగం వాళ్ళతో పాటే బస్సెక్కిద్ది. డాక్టరుకీ కిరాణా కొట్టాయనకీ బదిలీ లేదు. చల్లపల్లి చూడండి. 2014 నవంబరు నించి తెల్లారకముందే లేచి ఊరు ఊడ్చుకుంటున్నారు. ముందున్నది ఆ ఊళ్ళో ప్రాక్టీసు చేసుకునే డాక్టరు దంపతులు, డి.ఆర్.కె. ప్రసాద్ గారు, పద్మావతి గారు. అది చదువు కార్యక్రమం కాదు, నిజమే. అయినా ఇన్నేళ్ళు ఆగని పని మన పక్కనే ఉంటే నిలకడ గురించి ఇంకెవర్నో అడగటం దేనికి?

ఇప్పుడు విద్యార్థి గంటల లెక్క చూద్దాం. ఎన్నెస్సెస్‌లో చేరినవాళ్ళు రెండేళ్ళలో 240 గంటలు సేవ చెయ్యాలి. ఆ పథకం 1969 నించి ఉంది. మన రాష్ట్రంలో 2020-21 నించి డిగ్రీ పిల్లలకి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు, 180 గంటలు. బందరు, గుడివాడ, అవనిగడ్డ కాలేజీల్లో ఏటా ఇన్ని గంటలు తయారవుతున్నాయి. ఇరవై మంది పిల్లలు చేస్తే 3,600 గంటలు. ప్రైమరీ బడి ఏడాదికి కనీసం 200 రోజులు నడవాలని విద్యాహక్కు చట్టం చెబుద్ది. రోజుకి ఒక గంట, మూడు గుంపులకి ముగ్గురు అనుకుంటే బడికి 600 గంటలు. అంటే ఒక్క సెక్షన్లో సగం మంది ఆరు బళ్ళకి ఏడాది పొడుగునా సరిపోతారు. కాగితం మీద ఇంత అందంగా ఉంది.

చిక్కెక్కడంటే, ఆ ప్రాజెక్టు ఎక్కువగా వేసవి సెలవుల్లో పడిద్ది. అప్పుడు బడీ సెలవే. సర్వే ఫారాలు నింపి, ఫోటోలు తీసి, రిపోర్టు బైండు చేయించి ఇస్తారు. గంటలు ఖర్చవుతాయి, పిల్లకి గుణింతం రాదు. ఈ గంటల్ని జూన్ నించి మార్చి దాకా పరిపించాలంటే ప్రిన్సిపాలు గదిలో కూర్చుని ఒప్పించే పెద్దమనిషి ఒకరు కావాలి. రెండో ఏడాది కుర్రాడు అడిగితే అయ్యే పని కాదు. సంస్థ నడిపేవాళ్ళ విలువ ఇలాంటి చోట తెలిసిద్ది.

దివిసీమలో ఇంకో కష్టం ఉంది. ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ లాంటి ఊళ్ళకి నాగాయలంక నించి ఏరు దాటి పోవాలి. సాయంత్రం క్లాసు చెప్పి అమ్మాయిలు తిరిగి రావాలంటే దాటించేవాడు ఆగాలి, ఆ తర్వాత బస్సుండాలి. నవంబరులో తుఫాను హెచ్చరికొస్తే అదీ లేదు. బందరు కాలేజీ పిల్లల్ని అక్కడికి రోజూ పంపుతామనేవాళ్ళు ఒక్కసారి కూడా ఏరు దాటి ఉండరు. అక్కడ ఇంటరో డిగ్రీయో చదివిన ఆ ఊరి అమ్మాయినే పట్టుకుని, నెలకి కొంత గౌరవ వేతనం ఇచ్చి, కాలేజీ పిల్లల్ని వారానికో రోజు ఆమెకి తోడు పంపటం నయం. ఉచితంగా చెయ్యటమే గొప్ప అనుకునేవాళ్ళకి ఇది నచ్చదు. లంకలో ఉండే పేద పిల్ల ఉచితంగా ఎందుకు చెయ్యాలో వాళ్ళు చెప్పలేరు.

అవనిగడ్డకి ఇంకో భాగ్యం ఉంది. డీఎస్సీ కోచింగ్‌కి రాష్ట్రం నలుమూలల నించి వచ్చి ఇక్కడ గదులు అద్దెకి తీసుకుని చదువుతారు. 16,347 పోస్టుల మెగా డీఎస్సీ లాంటిది వస్తే ఊరు ఊరంతా కాబోయే టీచర్లే. బాలల మనోవిజ్ఞానం బిట్లు బట్టీ పడుతుంటారు, కూతవేటు దూరంలో బాలలుంటారు. వారానికి రెండు గంటలు అడిగితే కొందరైనా వస్తారు. అడిగేవాళ్ళు కావాలి, పరీక్ష నెలలో వాళ్ళని వదిలేసే ఇంగితం కూడా ఉండాలి.

రిజిస్ట్రేషను సంగతి క్లుప్తంగా చెబుతా. ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషను చట్టం 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకి ఇవ్వాలి. చాలా సంఘాలు రెండో ఏడే ఇది మర్చిపోతాయి, బ్యాంకులో సంతకం మార్చాల్సొచ్చినప్పుడు గుర్తొచ్చిద్ది. మన గుడివాడ వైపు ప్రతి వీధికీ అమెరికాలో ఒకరున్నారు, డబ్బులు పంపుతామంటారు. భారత పౌరసత్వం ఉన్న మనిషి సొంత సంపాదనలోంచి ఇస్తే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాక ఇస్తే వచ్చిద్ది. మన ఊరివాడే, మేనమామ కొడుకే అయినా సరే. దానికి ఎఫ్‌సీఆర్ఏ అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. తెలియక తీసుకున్నా నేరమే. కోశాధికారిగా లెక్క తెలిసినవాణ్ణి పెట్టుకోమనేది ఇందుకే. చందాలు బాగా తెస్తాడని పెట్టుకుంటే కుదరదు.

పిల్లల భద్రత ఇంకా ముఖ్యం. ఒక్క వాలంటీరు ఒక్క పిల్లతో గదిలో ఉండకూడదు. క్లాసు బడి ఆవరణలో, తలుపులు తీసి, కనీసం ఇద్దరు పెద్దవాళ్ళుండగా జరగాలి. బడి తల్లిదండ్రుల కమిటీకి వాలంటీర్ల పేర్లు ముందే తెలియాలి. ఏదన్నా జరిగితే పోలీసులకి చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటది. సంస్థ పరువు పోద్దని సర్దుబాటు చేసే పెద్దమనిషి ఉన్న చోట పిల్లల్ని పంపొద్దు. అధ్యక్షుడిగా ఎంత పేరున్నాయన ఉన్నా సరే.

పెద్దమనుషుల గురించి ఇంత చెప్పాక రెండో వైపు కూడా చెప్పాలి. పాతికేళ్ళుగా ఒకే అధ్యక్షుడు, కుర్రాళ్ళు కుర్చీలు వెయ్యటానికి, శాలువా అందించటానికి. ఇలాంటి సంఘాలు మనకి కొదవ లేదు. ఏం పాఠం చెప్పాలి, ఏ ఊరెళ్ళాలి అనేది విద్యార్థులు తేల్చుకోవాలి. కార్యవర్గంలో వాళ్ళకి ఓటుండాలి, పాస్‌బుక్కు వాళ్ళు చూడగలగాలి. 1991లో అమెరికా బర్క్‌లీలో సందీప్ పాండే, ఇంకో ఇద్దరు చదువుకుంటూ మొదలెట్టిన ఆశా సంస్థ ఇప్పటికీ వాలంటీర్ల చేతులమీదే నడుస్తోంది. మొదలెట్టినవాళ్ళు వెళ్ళిపోయినా ఆగలేదు. బందరులో కుదరదని ఎవరూ అనలేరు.

అన్నిటికంటే చిన్న వస్తువొకటి ఉంది, నోటుబుక్కు. ప్రతి పిల్ల పేరు ఎదురుగా అక్షరం, పదం, పేరా, కథ, ఎక్కడి దాకా వచ్చిందో నెలనెలా రాసే పుస్తకం. ప్రథమ్ వాళ్ళు 2005 నించి అసర్ సర్వేలో వాడే కొలతే ఇది, ఎవరైనా ఐదు నిమిషాల్లో నేర్చుకోవచ్చు. దేశంలో ఐదో క్లాసు పిల్లల్లో సుమారు సగం మంది రెండో క్లాసు పాఠం చదవలేరని మనకి తెలిసింది ఆ కొలతతోనే. బ్యాచి మారినప్పుడు ఈ పుస్తకం చేతులు మారితే పాఠం ఆగినచోట నించి మొదలయిద్ది. లేకపోతే కొత్త కుర్రాళ్ళు మళ్ళీ అ ఆ ల నించి ఎత్తుకుంటారు. పిల్లలు విసుక్కుని రావటం మానేస్తారు.

జూన్ పన్నెండున బళ్ళు తెరుస్తారు. డిగ్రీ మొదటేడు పిల్లలు చేరి, కాలేజీకి అలవాటుపడి, ఊళ్ళోకొచ్చేసరికి ఆగస్టు దాటిద్ది. ఆ రెండు నెలలూ నోటుబుక్కు ఎవరింట్లో ఉండిద్దో ముందు తేల్చుకుని, ఆ మనిషి పేరు కార్యవర్గంలో రాసుకుని, తర్వాత లెటర్‌హెడ్ అచ్చుకిస్తే బాగుండిద్ది.