కౌంటీలో కరువు ప్రకటిస్తే చెక్కు వచ్చేస్తుందా?

వానలు మొహం చాటేసిన ఏడాది "మన కౌంటీని డిజాస్టర్ ఏరియాగా ప్రకటించారట" అన్న మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. అమెరికాలో ఊరి బయట నాలుగెకరాలు కొని బెండ, బీర, గోంగూర వేస్తున్న మనవాళ్లు వెంటనే అడిగేది ఒకటే: మనకెంత వస్తుంది? ఆ ప్రకటన ఒక్కదాంతో ఏమీ రాదు. ఎందుకో చూద్దాం.

డ్రౌట్ మానిటర్ అనే కరువు మ్యాప్ 1999 నుంచి ప్రతి గురువారం విడుదలవుతోంది. పంట కాలంలో కౌంటీలో ఏ కొంత భాగమైనా వరుసగా 8 వారాలు డీ2 స్థాయిలో ఉన్నా, ఒక్కసారి డీ3కి చేరినా వ్యవసాయ శాఖ ఆ కౌంటీని విపత్తు ప్రాంతంగా ప్రకటిస్తుంది. దీంతో ఆ కౌంటీ రైతులకు, చుట్టూ ఆనుకుని ఉన్న కౌంటీల వాళ్లకు ఎమర్జెన్సీ లోన్లకు అర్హత వస్తుంది. అది అప్పు. వడ్డీతో తిరిగి కట్టాల్సిందే.

తిరిగి కట్టక్కర్లేని సాయానికి వేరే పథకాలున్నాయి. అమ్మకం కోసం ఆవులు, మేకలు, గొర్రెలు పెంచేవాళ్లకు మేత పథకం ఉంది. మేత కాలంలో కౌంటీ డీ3కి చేరితే 3 నెలల చెల్లింపు, డీ4కి చేరితే 4 నెలలది ఇస్తారు. నెల చెల్లింపు ప్రభుత్వం లెక్కగట్టిన మేత ఖర్చులో 60 శాతం దాకా ఉంటుంది. సరదాకి పెంచుకునే జంతువులకు ఇది వర్తించదు.

మన కూరగాయల్లాంటి, మామూలు పంటల బీమా దొరకని పంటలకు 'నాప్' అనే పథకం ఉంది. పంటకు ఫీజు 325 డాలర్లు. ఆ పంటకు పెట్టిన గడువులోగా చేరాలి, కరువు వచ్చాక చేరతామంటే కుదరదు. సాగు మొదలుపెట్టి పదేళ్లు దాటని కొత్త రైతులకు ఫీజు మినహాయింపు ఉంది.

లెక్క ఇలా ఉంటుంది. మీ మామూలు దిగుబడి 1,000 పౌండ్లు, ఈసారి చేతికొచ్చింది 300 అనుకుందాం. బేసిక్ కవరేజీలో హామీ సగానికే, అంటే 500 పౌండ్లకు. తగ్గిన 200 పౌండ్లకు మార్కెట్ ధరలో 55 శాతం కడతారు. పౌండు 2 డాలర్లయితే వచ్చేది 220 డాలర్లు. చిన్న మడికి ఫీజు కూడా రాదు, అందుకే ఆ మినహాయింపు అడగడం మరిచిపోవద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి. పంట నష్టాన్ని ఎవరు మోస్తారో పంట సాయం వాళ్లకే. పొలాన్ని డబ్బు కౌలుకిచ్చేస్తే సాయం కౌలుదారుకే, యజమానికి కాదు. మనూళ్లో లెక్క వేరు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారు ఖాతాలోనే పడింది. ఇక్కడుంటూ అక్కడి పొలం కౌలుకిచ్చినవాళ్లు ఈ తేడా ఒక్కసారి ఆలోచించాలి. ఎండకు మాడింది ఎవరి కష్టం?

ఇప్పుడే చేయాల్సినవి: కౌంటీలోని ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ ఆఫీసుకెళ్లి ఫార్మ్ నంబర్ తీసుకోండి. ఏ పంట ఎంత వేశారో ఏటా రిపోర్టు ఇవ్వండి. విత్తనాల బిల్లులు, అమ్మకాల రసీదులు, తేదీతో ఫొటోలు దాచండి. నాప్‌లో ఉంటే నష్టం కనిపించిన 15 రోజుల్లో తెలియజేయండి. కౌంటీ పేరు మ్యాప్‌లో ఎర్రబడినా, మీ కాగితాలు లేకపోతే మీ నష్టం లెక్కలోకి రాదు.