తెరపై భయం - రియాక్టరులో నిజం

1979 మార్చి 16న అమెరికాలో 'ది చైనా సిండ్రోమ్' చలనచిత్రం విడుదలయింది. కరగిన అణు ఇంధనం రియాక్టరు అడుగును తొలుచుకొని భూమిలోకి దిగిపోవునన్న భయమే ఆ పేరుకు మూలం. అందులో కొలత చూపే ముల్లు ఇరుక్కుపోగా, నీరు అధికంగా ఉన్నదని సిబ్బంది భ్రమపడతారు.

సరిగా పన్నెండు దినాలకు, మార్చి 28న, పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రంలో తెరచుకొన్న కవాటమొకటి తిరిగి మూసుకోలేదు. హెచ్చరిక దీపం మాత్రం ఆరింది. అది తెలిపేది మూయుమన్న ఆదేశాన్నే గాని కవాటపు స్థితిని కాదు. నీరు ఎక్కువైనదని తలచిన సిబ్బంది అత్యవసర శీతల జలాన్ని తగ్గించారు. ఇంధన గర్భంలో సుమారు సగం కరగిపోయింది.

అయినా ఉక్కుపాత్ర నిలిచింది. వెలుపలికి వచ్చిన రేడియోధార్మికత స్వల్పమే. చిత్రం భయపెట్టిన ప్రళయం రాలేదు కాని, అది చూపిన పొరపాటు జరిగింది. అటుపిమ్మట కవాటపు అసలు స్థితిని నేరుగా తెలిపే ఏర్పాటును అమెరికా ప్రభుత్వం తప్పనిసరి చేసింది.