టెస్ట్ సెట్ చెప్పిందల్లా నిజమేనా? ముందు దాన్నే టెస్ట్ చేయండి

తిరుపతి బైరాగిపట్టెడలో మా ఫ్రెండ్ ఒకడు చిన్న గదిలో అన్నమయ్య కీర్తనలు రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెడుతుంటాడు. ఈమధ్య 14 వేలు పెట్టి ఆడియో ఇంటర్‌ఫేస్ కొన్నాడు. సెకండ్ హ్యాండ్‌లో దొరికిన బ్రాడ్‌కాస్ట్ ఆడియో టెస్ట్ సెట్‌తో కొలిస్తే డిస్టార్షన్, నాయిస్ రెండూ కలిపి మైనస్ 72 డీబీ వచ్చింది. బాక్స్ మీద ఉన్నది మైనస్ 95. రిటర్న్ గడువు మర్నాటితో అయిపోతుంది. "ఏంది మామా ఇది, వెనక్కి పంపేద్దామా?" అన్నాడు.

నాకూ అదే అనిపించింది. అయినా ఒక పని చేశాం. ఇంటర్‌ఫేస్‌ని పక్కన పెట్టి, టెస్ట్ సెట్ అవుట్‌పుట్‌ని దాని ఇన్‌పుట్‌కే కలిపాం. దీన్ని లూప్‌బ్యాక్ అంటారు. మధ్యలో ఏమీ లేకపోయినా అదే మైనస్ 72! అంటే మేం కొలిచింది ఇంటర్‌ఫేస్‌ని కాదు, టెస్ట్ సెట్‌నే.

తప్పు ఎక్కడ జరిగింది?

టీవీ స్టూడియోల్లో వీడియో, ఆడియో కలిసి ఒకే ఎస్‌డీఐ కేబుల్‌లో వెళ్తాయి. హెచ్‌డీలో 16 ఛానళ్ల ఆడియో దాకా పడుతుంది. మన ఎస్‌వీబీసీ లాంటి ఛానల్‌లో అయినా ఇంజనీర్ దాన్ని చెవితో వినాలంటే అనలాగ్‌కి మార్చాల్సిందే. అందుకే చాలా టెస్ట్ సెట్లకు మానిటర్ జాక్ ఉంటుంది. అది వినడానికి, కొలవడానికి కాదు. కొలతకి పనికొచ్చేది జనరేటర్ అవుట్‌పుట్, సాధారణంగా బ్యాలెన్స్‌డ్ ఎక్స్‌ఎల్‌ఆర్. మావాడు హెడ్‌ఫోన్ జాక్‌లో పెట్టాడు!

లెక్క ఇదీ

జనరేటర్ మైనస్ 90 డీబీ, మీ గ్యాడ్జెట్ మైనస్ 100 అనుకోండి. మీటర్ చూపించేది దాదాపు మైనస్ 89.6. గ్యాడ్జెట్ ఎంత బాగున్నా జనరేటర్ చెత్త దాన్ని కప్పేస్తుంది. జనరేటర్ మైనస్ 110 అయితే మాత్రం మైనస్ 99.6 కనిపిస్తుంది. అందుకే కొలిచే పరికరం కనీసం 10 డీబీ మెరుగ్గా ఉండాలి.

ఫోన్‌తో కుదరదా?

లెవెల్ చాలదు. ప్రొఫెషనల్ లైన్ లెవెల్ ప్లస్ 4 డీబీయూ, అంటే 1.23 వోల్టులు. కొన్ని స్టూడియో గేర్‌లలో ఫుల్ స్కేల్ ప్లస్ 24 డీబీయూ, అంటే 12 వోల్టుల పైనే. మామూలు టైప్-సి డాంగిల్ ఇచ్చేది సుమారు 1 వోల్టు. మిక్సర్‌ని చివరిదాకా తోయడానికి అది సరిపోదు.

మీరు కొలిచేముందు

* ముందు లూప్‌బ్యాక్ రీడింగ్ రాసి పెట్టుకోండి.
* 1 కిలోహెర్ట్జ్ టోన్ ఇచ్చి స్పెక్ట్రమ్ చూడండి. 50, 100 హెర్ట్జ్ దగ్గర ముళ్లు లేస్తే కరెంటు హమ్. 2, 3 కిలోహెర్ట్జ్ దగ్గర లేస్తే డిస్టార్షన్.
* 600 ఓమ్స్ సోర్స్‌కి 600 ఓమ్స్ లోడ్ పెడితే లెవెల్ 6 డీబీ తగ్గుతుంది. కంగారు పడొద్దు.

ఎక్స్‌ఎల్‌ఆర్‌కి మార్చాక లూప్‌బ్యాక్ మైనస్ 98 వచ్చింది. ఇంటర్‌ఫేస్‌తో కలిపి మైనస్ 93. రెండూ కలిపి లెక్కేస్తే ఇంటర్‌ఫేస్ వంతు మైనస్ 95 దగ్గరే తేలింది, బాక్స్ మీద రాసినట్టే. రిటర్న్ రిక్వెస్ట్ పెట్టలేదు. ఆ రాత్రే కొత్త కీర్తన రికార్డింగ్ మొదలుపెట్టాడు.