ఖాళీ లేని జట్టు: అమెరికా హైస్కూళ్లలో కుస్తీ

అమెరికాలో తొమ్మిదో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకు సాగే హైస్కూలు చదువులో ఆటలు పాఠ్యక్రమానికి అనుబంధం మాత్రమే కాదు, బడి గుర్తింపులో ఒక భాగం. అందులో కుస్తీ శీతకాలపు ఆట. నవంబరులో సాధన మొదలై, ఫిబ్రవరి చివరికో మార్చి తొలివారాలకో రాష్ట్రస్థాయి పోటీలతో ముగిసే ఈ సీజన్‌లో ఏటా రెండున్నర లక్షలకు పైగా అబ్బాయిలు, ఇటీవల వేగంగా పెరుగుతున్న సంఖ్యలో అమ్మాయిలు మ్యాట్ ఎక్కుతున్నారు. చూసేవారికి ఇద్దరు పిల్లలు ఒంటరిగా తలపడినట్టు కనిపించే ఈ కుస్తీ బడి స్థాయిలో నిజానికి జట్టు ఆట. ఒక మేటి మల్లుణ్ని తయారుచేయడం వేరు, ఏటేటా నిలిచే జట్టును కట్టడం వేరు. ఈ రెండో పనే కష్టమైనది, బడికి ఎక్కువ అవసరమైనది కూడా.

అక్కడి బడుల్లో ఆడేది ఒలింపిక్స్‌లో కనిపించే ఫ్రీస్టైల్ గాని, నడుము కింద పట్టు నిషిద్ధమైన గ్రీకో-రోమన్ గాని కాదు, ‘ఫోక్‌స్టైల్’ అని పిలిచే దేశీయ పద్ధతి. ఫ్రీస్టైల్‌లో ప్రత్యర్థి వీపును క్షణకాలం మ్యాట్ వైపు తిప్పినా పాయింట్లు దక్కుతాయి కాని, ఫోక్‌స్టైల్‌లో పైనున్నవాడు కిందివాణ్ని అదుపులో ఉంచగలగాలి, కిందివాడు ఆ పట్టు విడిపించుకొని లేవగలగాలి, కనుక ఇందులో మెరుపు విసురు కన్నా ఓర్పుకు, ఒత్తిడి పెట్టే నేర్పుకు విలువ ఎక్కువ. రెండేసి నిమిషాల మూడు భాగాలుగా సాగే బౌట్‌లో ప్రత్యర్థిని పడగొట్టి పైచేయి సాధించడాన్ని ‘టేక్‌డౌన్’ అంటారు. చాలాకాలం 2 పాయింట్లున్న దీనికి 2024-25 నుంచి 3 పాయింట్లు ఇస్తున్నారు. కింది స్థితి నుంచి విడిపించుకొని లేస్తే 1, కిందినుంచి తిరగబడి పైకి వస్తే 2. ప్రత్యర్థి రెండు భుజాల వెనుక ఎముకలను రెండు సెకన్లపాటు మ్యాట్‌కు ఆనించి ఉంచితే అది ‘ఫాల్’, అంటే చిత్తు చేయడం. అప్పటివరకు పాయింట్లు ఎటు మొగ్గినా బౌట్ అక్కడితో ముగుస్తుంది.

ఇది జట్టు ఆట ఎలా అవుతుందో తెలియాలంటే ‘డ్యూయల్ మీట్’ లెక్క చూడాలి. రెండు బడులు ఒక సాయంత్రం ఎదురెదురుగా కూర్చుని, ఒక్కో బరువు విభాగానికి ఒక్కొక్కరిని పంపుతాయి. 2023-24 నుంచి ప్రతి రాష్ట్రమూ 12, 13 లేదా 14 విభాగాల పట్టికల్లో ఒకదాన్ని ఎంచుకుంటోంది. పద్నాలుగు విభాగాల పట్టిక 106 పౌన్ల దగ్గర, అంటే సుమారు 48 కిలోల దగ్గర, మొదలై 285 పౌన్లతో, అంటే 129 కిలోలతో, ముగుస్తుంది. చిత్తు చేసి గెలిచినవారు తమ జట్టుకు 6 పాయింట్లు తెస్తారు. ఆధిక్యం 15 పాయింట్లకు చేరి బౌట్ ముందే ఆగిపోతే 5, ఎనిమిది నుంచి పద్నాలుగు పాయింట్ల తేడా ఉంటే 4, అంతకన్నా తక్కువ తేడాతో నెగ్గితే 3. ఒక విభాగంలో పంపడానికి ఎవరూ లేకపోతే ఎదుటి జట్టుకు కష్టపడకుండానే 6 పాయింట్లు దక్కుతాయి.

ఈ కొద్ది అంకెల్లోనే జట్టు నిర్మాణ రహస్యమంతా ఉంది. నాలుగు విభాగాలు ఖాళీగా ఉన్న జట్టు ఒక్క బౌట్ మొదలు కాకముందే 24 పాయింట్లు వెనకబడి ఉంటుంది. ఆ లోటు పూడ్చాలంటే నలుగురు మేటి మల్లులు నలుగురు ప్రత్యర్థులను చిత్తు చేయాలి, అలా చేసినా లెక్క సమానమే అవుతుంది గాని ఆధిక్యం రాదు. దీనికి మరోవైపు కూడా చూడాలి. ఆట మొదలుపెట్టి మూడు నెలలైన తొమ్మిదో తరగతి పిల్లవాడు తనకన్నా ఎంతో ఆరితేరినవాడి చేతిలో ఆరు నిమిషాలూ వీపు మ్యాట్‌కు ఆనకుండా కాచుకొని ఏడు పాయింట్ల తేడాతో ఓడిపోతే, ఎదుటి జట్టుకు ఆరుకు బదులు మూడే వస్తాయి. అంటే ఓడిపోయిన ఆ పిల్లవాడు తన జట్టుకు మిగిల్చిన మూడు పాయింట్లు ఇంకొక సహచరుడు బౌట్ గెలిచి తెచ్చే మూడు పాయింట్లతో సరితూగుతాయి. ఓటమిలో కూడా ఇంత స్పష్టంగా విలువ కట్టే బడి ఆటలు చాలా అరుదు. ఈ సంగతిని పిల్లవాడికి, అతని తల్లిదండ్రులకు, మిగిలిన జట్టుకు అర్థమయ్యేలా చెప్పగలిగిన కోచ్ దగ్గర కొత్తవాళ్లు నిలుస్తారు. చెప్పలేని కోచ్ దగ్గర క్రిస్మస్ సెలవుల తరువాత సాధన గది సగం ఖాళీ అవుతుంది.

అందుకే ఈ ఆటలో కోచ్ తొలి పని మ్యాట్ మీద కాదు, బడి వరండాల్లోనూ భోజనశాలలోనూ ఉంటుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌కు మరీ చిన్నవాడైన, బాస్కెట్‌బాల్‌కు ఎత్తు చాలని 48 కిలోల పిల్లవాడు కుస్తీ జట్టుకు తప్పనిసరి అవసరం. ఫుట్‌బాల్ ముగిశాక శీతకాలమంతా ఖాళీగా ఉండే భారీ దేహం గల విద్యార్థీ అంతే అవసరం. పైగా సాధనకు ప్రతి ఒక్కరికీ దాదాపు తన బరువే ఉన్న జోడీ కావాలి. 106 పౌన్ల పిల్లవాడు 150 పౌన్ల వాడితో రోజూ కలబడితే నేర్చుకునేది తక్కువ, దెబ్బలు తినేది ఎక్కువ, కాబట్టి గదిలో సంఖ్య పెరగడమే శిక్షణ నాణ్యత పెరగడం. ఒకే విభాగంలో ఇద్దరుంటే వారిద్దరికీ జట్టులోనే పోటీ పెట్టి, నెగ్గినవాణ్ని బడి తరఫున పంపుతారు. ఓడినవాడికి రెండో శ్రేణి జట్టులో బౌట్లు దొరికేలా చూడటం కోచ్ బాధ్యత, ఎందుకంటే బౌట్ దొరకని పిల్లవాడు మరుసటి ఏడాది తిరిగి రాడు.

నేర్పే విషయానికి వస్తే, అనుభవం గల శిక్షకులు మొదటి ఏడాది పట్ల జాబితాను కావాలనే కురచగా ఉంచుతారు. మోకాళ్లు వంచి నడుము దించి నిలబడే భంగిమ, అందులోనే పక్కలకు కదలడం, ప్రత్యర్థి ఒక కాలినో రెండు కాళ్లనో అందుకునేందుకు లోపలికి వేసే అడుగు, ఎదుటివాడు కాళ్లకు వచ్చినప్పుడు తుంటిని వెనక్కి విసిరి బరువంతా అతనిపై మోపే ‘స్ప్రాల్’, కింది స్థితి నుంచి నిటారుగా లేచి చేతులు విడిపించుకోవడం, వీపు మీదికి తిరిగినప్పుడు మెడతో, పాదాలతో వంతెనలా లేచి బయటపడటం: ఈ కొద్దిపాటి విద్యను శరీరం ఆలోచించకుండా చేసేదాకా వందలసార్లు చేయించడమే తొలి సంవత్సరపు పాఠం. ఇరవై పట్లు చూపించి ఒక్కటీ ఒంటబట్టించని శిక్షణ కన్నా ఇది ఎంతో మేలు.

ఏటేటా నిలిచే జట్టుకు ఒక ఉదాహరణ చూద్దాం. ఫ్లోరిడా రాష్ట్రంలో టాంపా నగరానికి దగ్గర్లో ఉన్న బ్రాండన్ హైస్కూలు డ్యూయల్ మీట్‌లలో వరుసగా 459 విజయాలు సాధించింది. 1970ల తొలి సగంలో మొదలైన ఆ వరుస 2008 జనవరిలో గాని తెగలేదు. కుస్తీకి పేరుపడిన అయోవా, పెన్సిల్వేనియా, ఒహాయోల వంటి రాష్ట్రం కాని చోట ఇది జరగడం ఒక విశేషమైతే, విద్యార్థులంతా నాలుగేళ్లకు బడి వదిలి వెళ్లిపోయే వ్యవస్థలో జట్టు మొత్తం ఎనిమిదిసార్లు మారినా గెలుపు ఆగకపోవడం అంతకన్నా పెద్ద విశేషం. ఏ ఒక్క తరం ప్రతిభా ఇంతకాలం రాదు. చిన్న తరగతుల నుంచి పిల్లలు అందివస్తూ ఉండాలి, పెద్దవాళ్లు చిన్నవాళ్లకు నేర్పే అలవాటు గదిలో పాతుకుపోవాలి. అయోవాలోని వాటర్లూ వెస్ట్ హైస్కూలులో బాబ్ సిడెన్స్ నడిపిన కుస్తీ గదినుంచే డాన్ గేబుల్ వచ్చాడు. హైస్కూలులో 64 బౌట్లలో ఒక్కటీ ఓడని గేబుల్ 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఒక్క పాయింటూ ఇవ్వకుండా స్వర్ణం గెలిచాడు, ఆపై అయోవా విశ్వవిద్యాలయ కోచ్‌గా 15 జాతీయ టైటిళ్లు సాధించిపెట్టాడు. గేబుల్ పేరు లోకమంతా ఎరుగును. అతనికి తొలి మెట్టు కట్టిన బడి కోచ్ పేరు ఎరిగినవారు తక్కువ. ఇది ఈ వృత్తికి జరుగుతున్న అన్యాయమే.

ఈ ఆటను సమర్థించే ప్రతి ఒక్కరూ దాచకుండా చెప్పవలసిన చీకటి కోణం బరువు తగ్గించుకోవడం. తక్కువ బరువు విభాగంలో దిగితే బలహీనుడైన ప్రత్యర్థి దొరుకుతాడన్న ఆశతో తిండి మాని, నీళ్లు మాని, రబ్బరు దుస్తుల్లో చెమటోడ్చే అలవాటు దశాబ్దాలపాటు సాగింది. 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో ముగ్గురు కళాశాల మల్లులు ఇలా బరువు దించుకునే ప్రయత్నంలోనే మరణించిన తరువాత నియమాలు కఠినమయ్యాయి. హైస్కూళ్లలో 2006-07 నుంచి సీజన్‌కు ముందే ప్రతి విద్యార్థికీ కనీస బరువు నిర్ణయిస్తున్నారు: ఒంట్లో తగినంత నీరుందో లేదో మూత్రపరీక్షతో తేల్చుకున్నాకే కొవ్వు శాతాన్ని కొలుస్తారు, అబ్బాయిలకు 7 శాతం, అమ్మాయిలకు 12 శాతం కన్నా కొవ్వు తగ్గే బరువుకు దిగనివ్వరు, వారానికి ఒంటి బరువులో 1.5 శాతానికి మించి తగ్గకూడదు. అంటే 60 కిలోల పిల్లవాడు వారంలో 900 గ్రాములకు మించి తగ్గరాదు. నియమం కాగితం మీద ఉండటం ఒకటి, కోచ్ దాన్ని మనస్ఫూర్తిగా పాటించడం మరొకటి. ఎదిగే వయసు పిల్లవాణ్ని సీజన్ పొడవునా ఒకే బరువులో బిగించి ఉంచాలని చూసే కోచ్ ఎన్ని కప్పులు గెలిచినా మంచి కోచ్ కాడు. తామర వంటి చర్మవ్యాధులు ఒకరినుంచి ఒకరికి అంటే ఆట కనుక మ్యాట్‌లను రోజూ క్రిమినాశినితో తుడవడం, పోటీకి ముందు చర్మాన్ని పరీక్షించడం కూడా ఈ క్రమశిక్షణలో భాగమే.

అమ్మాయిల కుస్తీ ఇప్పుడు ఈ ఆటకు కొత్త బలం. రాష్ట్రస్థాయి పోటీలను వారికి ప్రత్యేకంగా 1998లో మొదట హవాయి నిర్వహించింది. 2022-23 నాటికి హైస్కూళ్లలో కుస్తీ పట్టే అమ్మాయిల సంఖ్య 50 వేలకు చేరింది. మహిళల కుస్తీకి కళాశాల క్రీడల జాతీయ సంఘం 2025లో తన ఛాంపియన్‌షిప్ పోటీల్లో స్థానమిచ్చింది. అబ్బాయిల జట్టులో ఒకరిద్దరిగా సర్దుకుపోవలసిన స్థితి పోయి, తమకంటూ జట్టూ కోచూ ఉండే స్థితి వస్తున్నకొద్దీ ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది.

బడికీ కుస్తీకీ ఉన్న బంధం తెలుగువారికి పరాయిది కాదు. కలియుగ భీముడిగా పేరుపొందిన కోడి రామ్మూర్తి నాయుడు మద్రాసులోని సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం హైస్కూలులో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసినవాడే. నేడు అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో హైస్కూలు పిల్లలు ఎందరో ఉన్నారు. నవంబరులో వారిలో ఎవరైనా కుస్తీలో చేరతానని అడిగితే, అది దెబ్బల ఆట అని వెంటనే కాదనకుండా తల్లిదండ్రులు ఆ బడి కోచ్‌ను కలిసి రెండు ప్రశ్నలు అడగాలి: పిల్లల కనీస బరువును ఎలా నిర్ణయిస్తున్నారు, నిరుడు చేరిన కొత్తవాళ్లలో ఈ ఏడు ఎందరు తిరిగి వచ్చారు. ఈ రెంటికీ సంకోచం లేకుండా సమాధానం చెప్పే కోచ్ చేతుల్లో పిల్లలను నిశ్చింతగా పెట్టవచ్చు.