చెట్టు తొర్రలో కోట

డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో పుట్టిన లెగో కంపెనీ 1988లో ఒక చిన్న పెట్టె విడుదల చేసింది. ప్లాస్టిక్ ఇటుకలతో కట్టుకునే మధ్యయుగపు అడవి స్థావరం అది. ఒక చెట్టు, దాని చాటున తలదాచుకునే చోటు, ఈక గుచ్చిన టోపీలతో విలుకాళ్లు, అంతే సరంజామా. అంతకు పదేళ్ల ముందు, 1978లో, పసుపుపచ్చ కోటతో మొదలైన కోటల వరుసలోకి ఈ అడవి మనుషులు 1987లో వచ్చి చేరారు. కోట నలుగురికీ కనబడటం కోసం కడతారు, స్థావరం ఎవరికీ కనబడకుండా కడతారు. ఆ తేడా ఒక్కటి చాలు, ఆట తీరు మారిపోవడానికి. ఆకుపచ్చ బట్టలూ విల్లంబులూ చూస్తే ఎవరికైనా ఇంగ్లండ్ జానపద గాథల్లోని విలుకాడు రాబిన్ హుడ్ గుర్తుకు రాక మానడు. అయినా పెట్టె మీద ఆ పేరు లేదు, లోపల అతని శత్రువైన నాటింగ్‌హామ్ షెరీఫూ లేడు. ఈ బొమ్మలో అన్నిటికన్నా తెలివైన పని ఆ పేరు వదిలేయడమే అంటాను. చరిత్రకు దగ్గరగా ఉన్నది కూడా అదే.

ఎందుకంటే రాబిన్ హుడ్ కథకు స్థిరమైన రూపం ఎన్నడూ లేదు. సాహిత్యంలో అతని ప్రస్తావన మనకు తొలిసారి కనిపించేది 1377 ప్రాంతంలో, విలియం లాంగ్లాండ్ కావ్యంలో. అదీ జనం పాడుకునే పాటలున్నాయన్న ఒక చిన్న మాటగా. మనకు దక్కిన పాత గాథల్లో అతను సామాన్య రైతు తరగతి మనిషి. వాటిలో ఒక పెద్ద గాథ అందరూ అనుకునే షెర్‌వుడ్ అడవిలో కాదు, యార్క్‌షైర్‌లోని బార్న్స్‌డేల్‌లో నడుస్తుంది. అందులోని రాజు పేరు ఎడ్వర్డ్, సినిమాలు చూపించే సింహహృదయుడు రిచర్డ్ కాదు. 1598లో ఆంథొనీ మండే నాటకాలు అతణ్ణి పదవి పోగొట్టుకున్న ప్రభువును చేశాయి. రాజధాని ప్రేక్షకుల ముందుకు వచ్చేసరికి పల్లెటూరి విలుకాడికి బిరుదు కావలసివచ్చింది కాబోలు! వాల్టర్ స్కాట్ 'ఐవన్‌హో' నవలలో అతను నార్మన్ పాలకుల మీద తిరగబడే శాక్సన్ల పక్షాన నిలిచాడు. అంటే ప్రతి తరమూ పాత కథను విప్పి, అవే ముక్కలతో తనకు కావలసినట్టు మళ్లీ కట్టుకుంది. ఇలాంటి కథకు ఒకే పేరు, ఒకే శత్రువు, ఒకే ముగింపు ఖాయం చేసి అమ్మితే అది చరిత్రా కాదు, ఆటా కాదు. ఇదే కంపెనీ 1999లో స్టార్ వార్స్ సెట్లు తెచ్చినప్పుడు పెట్టెలోని మనిషి ఎవరో, ఎవరితో పోరాడాలో ముందే తేలిపోయింది. అడవి మనుషులకు ఆ కట్టుబాటు లేదు. రెండు చుక్కల కళ్లు, ఒక చిరునవ్వు ఉన్న ఆ పసుపుపచ్చ ముఖం మంచివాడిదో చెడ్డవాడిదో ఆడుకునే పిల్లే తేల్చాలి.

షెర్‌వుడ్‌లోని మేజర్ ఓక్ అనే మహావృక్షం తొర్రలో రాబిన్ దాక్కున్నాడని జనం చెప్పుకుంటారు. ఆ చెట్టు వయసు ఎనిమిది వందల నుంచి వెయ్యేళ్లని అంచనా. ఆ లెక్కన గాథల కాలానికి అది ఇంకా ఎదుగుతున్న చెట్టు, మనిషి పట్టేంత తొర్ర అప్పటికి ఉండి ఉండటం కష్టం. అయితే చెట్టు చాటు కల్పన కావచ్చు గానీ భయం కల్పన కాదు. నార్మన్ రాజులు ఇంగ్లండ్‌లో విస్తారమైన నేలను తమ వేటకు కేటాయించుకుని, దానికి ప్రత్యేక శాసనం పెట్టారు. అందులో ఊళ్లూ పొలాలూ కూడా చిక్కుకున్నాయి. జింకను చంపినందుకు ప్రాణమో అవయవమో పోగొట్టుకోనక్కర్లేదని చెప్పడానికి 1217లో ఒక అటవీ పత్రమే వెలువడవలసి వచ్చిందంటే, అంతకు ముందరి సంగతి ఊహించుకోవచ్చు.

ఈ బొమ్మ మీద వచ్చే అభ్యంతరాల్లో మొదటిది, దారి దోపిడీగాళ్లను పిల్లలకు వీరులుగా చూపడమేమిటి అన్నది. కానీ ఈ పెట్టె ఎవరినీ వీరులని అనలేదు. పైగా అడవిని ఆశ్రయించినవాడు దొంగో ధర్మపరుడో తేల్చేది చట్టం ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టి. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు సాగుకు అడ్డుపడ్డాక మన్యంలో రగిలిన కోపం, 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు ఠాణా మీద చేసిన దాడి తెలిసిన తెలుగువారికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. రెండో అభ్యంతరం, పేరు వదిలేయడం డబ్బు ఆదా కోసమేనని. ఇది నిలవదు. శతాబ్దాలుగా జనం నోట నలిగిన రాబిన్ హుడ్ పేరుకు ఎవరికీ రుసుము కట్టనక్కర్లేదు. వాడుకుంటే అమ్మకాలు పెరిగేవేమో కూడా. ఎలా పేర్చాలో అంచెలంచెలుగా చూపే పుస్తకం పెట్టెలోనే ఉన్నప్పుడు ఇక స్వేచ్ఛ ఎక్కడ అనే మూడో మాటలో మాత్రం బలముంది. పుస్తకం చూసి కట్టి, అద్దాల బీరువాలో పెట్టేస్తే అది అలంకారమే. కానీ 1958లో పేటెంటుకెక్కిన ఆ ఇటుక పట్టు అప్పటికీ ఇప్పటికీ ఒకటే. చెట్టును ఊడదీసి వంతెన చేసుకోవచ్చు, పక్క పెట్టెలోని కోటకు దొంగదారి కలపవచ్చు.

నాకున్న అసలు ఫిర్యాదు 2022 మీద. తొంభై ఏళ్ల పండగ పేరుతో కంపెనీ ఆ పాత స్థావరాన్ని 258 ముక్కలతో మళ్లీ తెచ్చింది. తెచ్చి, పెద్ద మొత్తంలో కొనుగోలు చేసినవారికి కానుకగా ఇచ్చింది. అదే ఏడాది వచ్చిన 4,514 ముక్కల సింహవీరుల కోట అడుగున కూడా అడవి మనుషులకు ఒక రహస్య గది ఉంది. రెండూ చిన్నప్పటి ముచ్చట తీర్చుకునే పెద్దల జేబును చూసి చేసినవే. పన్నులు ఎగ్గొట్టి పారిపోయినవాళ్లు చివరికి రాజుగారి కోటలో అద్దెకు దిగినట్టయింది! చిన్న పెట్టెగా, పిల్లలకు అందే ధరలో, విడిగా అమ్మవలసిన బొమ్మ ఇది. అలాంటిది ఎప్పుడైనా మీ ఇంటికి వస్తే, మొదటిసారి కట్టడం పూర్తవగానే ఆ సూచనల పుస్తకాన్ని పిల్లలకు అందకుండా దాచేయండి.