సెలవు రోజు రూములోనే ఎందుకు? దుబాయ్ ఎండల్లో పది, ఇరవై దిర్హాములతో తిరిగొద్దాం

జూన్ 15 వచ్చిందంటే సైటులో పనిచేసే ప్రతివాళ్లకూ ఒక సంగతి గుర్తుండాలి. సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో ఆరుబయట పని చేయించకూడదు. చేయిస్తే కంపెనీకి ఒక్కో మనిషికి 5,000 దిర్హాముల చొప్పున, మొత్తం 50,000 వరకు జరిమానా పడుతుంది. కరెంటు, నీళ్ల లైన్ల రిపేరు లాంటి ఆపలేని పనులకు మినహాయింపు ఉంది గానీ, అక్కడ కూడా నీడ, చల్లటి నీళ్లు పెట్టాల్సిందే. ఈ మాట ప్రతి ఏడాదీ రాస్తూనే ఉన్నాం, మీలో చాలామందికి తెలుసు కూడా.

ఈసారి దాని పక్కనున్న ఇంకో హక్కు గురించి రాస్తున్నా. మీ వారపు సెలవు. చట్టం ప్రకారం వారానికి కనీసం ఒక రోజు జీతంతో సెలవు ఇవ్వాలి. ఆ రోజు కూడా పనికి పిలిస్తే బదులుగా ఇంకో రోజు సెలవు ఇవ్వాలి, లేకపోతే ఆ రోజు జీతానికి తోడు బేసిక్ మీద కనీసం 50 శాతం ఎక్కువ కట్టాలి. నెలజీతం వాళ్లను వరసగా రెండు సెలవులకు మించి పనికి పెట్టకూడదు. మీ జీతం స్లిప్పు ఒకసారి తీసి చూసుకోండి, ఈ లెక్క అందులో కనబడాలి.

మరి ఆ సెలవు దొరికినవాళ్లు ఏం చేస్తున్నారు? సోనాపూర్, అల్ కూజ్, జబల్ అలీ క్యాంపులకు వెళ్లినప్పుడల్లా మా వాలంటీర్లం చూసేది ఒకటే. కర్టెన్ కట్టుకున్న మంచం, చేతిలో ఫోను, పొద్దంతా రీల్సు. రూములో ఎనిమిది మంది, అందులో ఇద్దరు నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంటారు కాబట్టి లైటు వెయ్యరు. జగిత్యాల వైపు తమ్ముడొకడు పద్నాలుగు నెలలుగా ఇక్కడే ఉన్నాడు. దుబాయ్‌లో ఏం చూశావురా అంటే, "ఎయిర్‌పోర్టు, క్యాంపు, సైటు, ఎక్స్‌చేంజి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఇంటి దగ్గర వాళ్ల అమ్మ మాత్రం కొడుకు బుర్జ్ ఖలీఫా పక్కనే ఉంటున్నాడని ఊరంతా చెప్పుకుంటోంది.

"బయటికి పోతే ఖర్చన్నా" అంటారు. నేను బీకామ్ చదివినోణ్ణి, లెక్క చూడందే మాట నమ్మను. కాబట్టి లెక్కే చూద్దాం.

నోల్ సిల్వర్ కార్డు 25 దిర్హాములు, అందులో 19 మీ బ్యాలెన్సే. బస్సయినా మెట్రో అయినా ఒక జోన్ లోపల 3 దిర్హాములు, పక్క జోన్‌కు 5, అంతకంటే దూరం ఎంత వెళ్లినా 7.50. బస్సు దిగి అరగంట లోపల మెట్రో ఎక్కితే రెండూ కలిపి ఒక ప్రయాణం కిందే లెక్క. అందుకే బస్సు దిగేటప్పుడు కూడా కార్డు తప్పకుండా టచ్ చెయ్యండి. రోజంతా తిరిగే పాసు 20 దిర్హాములు. దూరం ప్రయాణాలు మూడు చేస్తేనే అది గిట్టుబాటు, రెండే అయితే మామూలు కార్డే మేలు. ఇంకో మాట, స్టేషన్ కౌంటర్‌లో రీచార్జి కనీసం 50 అంటారు. చేతిలో అంత లేకపోతే పక్కనే ఉన్న మెషీన్‌లో తక్కువ కూడా వేసుకోవచ్చు.

ఇప్పుడు ఒక సాయంత్రం లెక్క కట్టండి. రానూపోనూ 15, అబ్రా రెండుసార్లకు 2, రెండు టీలకు 3, మలయాళీ హోటల్లో భోజనం 12. మొత్తం 32 దిర్హాములు. రూములో కూర్చుంటే ఖర్చు లేదనుకుంటారు గానీ సిగరెట్టు, పెప్సీ, అదనపు డేటా ప్యాకు కలిపి చూస్తే చాలామందికి దీనికి దగ్గరదగ్గరే అవుతుంది. నెలకు ఒకటి రెండుసార్లు ఇలా పోయొస్తే ఇంటికి పంపే డబ్బుకేం లోటు రాదు.

ఖోర్ ఒడ్డున

మొదటిసారి బయల్దేరేవాళ్లను నేనెప్పుడూ ఖోర్ వైపే పంపుతాను. గ్రీన్ లైన్ ఎక్కి గోల్డ్ సూక్ స్టేషన్‌లో గానీ అల్ రాస్‌లో గానీ దిగండి. సాయంత్రం ఐదున్నర, ఆరు దాటాక వెళ్లండి, అంతకు ముందు వద్దు. బంగారం బజారు మీద కప్పు ఉంది కాబట్టి ఎండ తగలదు. కొనక్కర్లేదు, చూసినందుకు ఎవరూ డబ్బులడగరు. ఒక దుకాణం ముందు ప్రపంచంలోనే పెద్ద బంగారు ఉంగరం ఉంటుంది. రాళ్లతో కలిపి 63 కిలోలకు పైగా బరువు. ఇంట్లోవాళ్లకు వీడియో కాల్‌లో అది చూపించండి, నెలజీతం పంపినప్పటి కంటే ఎక్కువ సంబరపడతారు.

అక్కణ్ణుంచి మసాలా బజారు మీదుగా ఒడ్డుకు వస్తే అబ్రా. ఒక దిర్హామ్ చేతికిచ్చి ఎక్కడమే, కార్డు గొడవ లేదు. ఇరవై మంది పట్టే చెక్క పడవ. నీళ్ల మీద గాలి, రెండువైపులా దీపాలు. అయిదారు నిమిషాల్లో బర్ దుబాయ్ వచ్చేస్తుంది. గోదావరి మీద పంటు ఎక్కినవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. మంచిగనిపిస్తే మళ్లీ ఇంకో దిర్హామ్ ఇచ్చి తిరిగి రండి, ఎవరడుగుతారు!

బర్ దుబాయ్ వైపు బట్టల బజారు దాటి నడిస్తే అల్ ఫహీదీ పాతబస్తీ. టికెట్టు లేదు. తాపీ పని, ప్లాస్టరింగు చేసే అన్నలు ఈ ఇళ్లను ప్రత్యేకంగా చూడాలి. కరెంటు లేని రోజుల్లో ఇళ్లు ఎలా చల్లబరిచారో అక్కడ తెలుస్తుంది. ఇంటి మీద చదరపు గోపురం లాంటిది లేపుతారు, దాన్ని బార్జీల్ అంటారు. నాలుగు వైపులా తెరిచి ఉండి, ఏ దిక్కు నుంచి గాలి వచ్చినా పట్టి కింద గదిలోకి దింపుతుంది. గోడలు పగడపు రాళ్లతో, సున్నంతో కట్టినవి. మీరు రోజూ కడుతున్న అద్దాల బిల్డింగులకు, దానికి తేడా మీరే చెప్పగలరు, నాకంటే మీకే బాగా తెలుసు.

ఏసీలో నడవాలంటే

బయట ఎండ భరించలేని రోజున మాల్‌లే దిక్కు. మాల్‌కు పోతే కొనాలి, లేకపోతే సెక్యూరిటీ వాడు పంపించేస్తాడని మనవాళ్లకొక భయం. శుభ్రమైన బట్టలు వేసుకుని, గుంపుగా అరుచుకోకుండా నడిస్తే ఎవరూ ఏమీ అనరు. సెక్యూరిటీలో ఉన్నవాడు కూడా మనలాంటి వలస మనిషే. దుబాయ్ మాల్‌కు మెట్రో స్టేషన్ నుంచే ఏసీ వంతెన ఉంది, కాస్త దూరమే గానీ ఎండ తగలదు. లోపల అక్వేరియం ముందు అద్దం గోడ దగ్గర నిలబడి సొర చేపల్ని ఊరికే చూడొచ్చు, లోపలికి పోవడానికే టికెట్టు. బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు. పైకెక్కే టికెట్టు మనకు దండగ అని నా అభిప్రాయం, కింద నుంచే బాగుంటుంది. దాని ముందు సాయంత్రం నీళ్లాట చూడ్డం ఉచితం. 2025లో మరమ్మతులకు ఆపిన ఆ ఫౌంటెన్ అదే ఏడాది అక్టోబరులో మళ్లీ మొదలైంది.

మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్‌లో మంచు మీద జారేవాళ్లను అద్దంలోంచి చూడొచ్చు. జబల్ అలీ వైపు ఉండేవాళ్లకు ఇబ్న్ బతూతా మాల్ దగ్గర, అదే పేరుతో మెట్రో స్టేషన్ ఉంది. తుగ్లక్ కాలంలో మన ఢిల్లీకి వచ్చిన యాత్రికుడి పేరది. ఆయన తిరిగిన దేశాల తీరులో మాల్‌ను కట్టారు. ఇండియా భాగంలో పెద్ద ఏనుగు గడియారం ఉంటుంది. 2025 ఆగస్టులో పొద్దున 7 నుంచి 10 దాకా కొన్ని మాల్‌లలో ఎవరైనా ఉచితంగా నడిచే ఏర్పాటు చేశారు. షుగరు, బీపీ ఉన్న అన్నలు అలాంటి కబురు వస్తే వదలొద్దు.

చదువు మీద ఇష్టం ఉన్నవాళ్లకు జద్దాఫ్‌లో మహమ్మద్ బిన్ రాషిద్ లైబ్రరీ. 2022లో తెరిచారు, తెరిచిన పుస్తకపీట ఆకారంలో కట్టారు, ప్రవేశం ఉచితం. ముందుగా ఫోన్లో పేరు నమోదు చేసుకోవాలి. గ్రీన్ లైన్ చివర క్రీక్ స్టేషన్ దగ్గర. ఒక్క చిక్కు, ఆదివారం మూసి ఉంటుంది. మనలో ఎక్కువమందికి సెలవు ఆ రోజే, ఏం చేస్తాం.

గ్లోబల్ విలేజ్, మిరాకిల్ గార్డెన్ మాత్రం ఎండాకాలం మూసేస్తారు. టాక్సీ డబ్బులు పెట్టుకుని అక్కడిదాకా పోయి తిరిగి రావొద్దు.

సముద్రం, పార్కులు

జబీల్ పార్కు, క్రీక్ పార్కు 5 దిర్హాములు, నోల్ కార్డుతోనే కట్టాలి. రాత్రి వేడి తగ్గాక నలుగురు కలిసి అన్నం, పచ్చడి కట్టుకుని పోతే బాగుంటుంది. సముద్రానికి వెళ్లాలంటే జుమేరా 2, జుమేరా 3, ఉమ్ సుఖీమ్ 1 తీరాల్లో రాత్రిపూట ఈదడానికి లైట్లు, లైఫ్‌గార్డులు పెట్టారు. డబ్బులేమీ లేవు. ఊళ్లో చెరువులో, వాగులో ఈదినోడికి సముద్రం తెలుసనుకోవద్దు. ఎర్ర జెండా ఉంటే నీళ్లలోకి దిగొద్దు. లుంగీతో, లోపలి బట్టలతో దిగనివ్వరు, ఈత నిక్కరు కొనుక్కోండి.

జబల్ అలీలో 2022లో తెరిచిన హిందూ గుడి, పక్కనే గురుద్వారా, అదే దారిలో చర్చిలు ఉన్నాయి. గురుద్వారాలో తలకు గుడ్డ కట్టుకుని ఎవరైనా భోజనానికి కూర్చోవచ్చు, ఏ మతమని అడగరు.

జాగ్రత్తలు కూడా డబ్బు లెక్కలోనే చెప్తాను, అప్పుడే గుర్తుంటాయి. రోడ్డు అడ్డంగా దాటితే 400 దిర్హాములు. మెట్రోలో తిన్నా తాగినా 100, ఆడవాళ్ల పెట్టెలోకి మగవాళ్లు ఎక్కినా 100. బీచ్‌లో, మాల్‌లో ముక్కు మొహం తెలియని వాళ్ల ఫోటో వాళ్లనడక్కుండా తీస్తే జైలు, లక్షా యాభై వేల దిర్హాముల నుంచి జరిమానా. సరదాకి తీసిన రీల్ ఒక్కటి చాలు. ఎమిరేట్స్ ఐడీ జేబులో పెట్టుకోండి, నీళ్ల సీసా వదలొద్దు. తల తిరిగి, చెమట ఆగిపోయి, మాట తడబడితే అది వడదెబ్బ. నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా తడిపి, 998కి ఫోన్ చేసి అంబులెన్సును పిలవండి.

ఇళ్లల్లో పనిచేసే అక్కచెల్లెళ్లకు

పైన రాసిందంతా చదివి, "మాకెక్కడిదన్నా సెలవు" అనుకుంటున్నారని తెలుసు. మీకూ ఉంది. ఇంటి పనివాళ్ల కోసం 2022లో వచ్చిన చట్టం ప్రకారం వారానికి ఒక రోజు జీతంతో సెలవు. రోజుకు 12 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు ఏకబిగిన. పాస్‌పోర్టు, ఐడీ మీ దగ్గరే ఉండాలి, "భద్రంగా దాచిపెడతాం" అని తీసుకోవడం కుదరదు. ఎండాకాలం ఇంటివాళ్లు సెలవులకు విదేశం పోయినప్పుడు ఇల్లు చూసుకోమని మిమ్మల్ని లోపల పెట్టి తాళం వేసి పోయినా, అది సెలవు కింద లెక్క కాదు.

అడగడానికి భయమైతే మొదట నాలుగు గంటలు అడగండి. చర్చికో గుడికో పోయొస్తానని, ఫలానా టైముకు వస్తానని చెప్పండి, ఆ టైముకే రండి. రెండు మూడు వారాలు అలా గడిస్తే మేడమ్‌కు నమ్మకం కుదురుతుంది, తర్వాత పూర్తి రోజు అడగడం తేలికవుతుంది. కడప వైపు చెల్లెలొకామె ఇలాగే మొదలుపెట్టి ఇప్పుడు ప్రతి ఆదివారం బయటికొస్తోంది. మొదట్లో ఎక్కడికి పోవాలో తెలియక బిల్డింగు మెట్ల కింద కూర్చుని, టైము కాగానే లోపలికి పోయేదట.

అయినా ఇవ్వకపోతే, ఐడీ లాక్కుంటే, కార్మిక శాఖ నంబరు 600590000. ఫిర్యాదులు, సలహాల కోసం 80084. మన ఇండియన్ కాన్సులేట్ వాళ్ల సహాయ కేంద్రం 80046342, అది ఉచితం. ఈ మూడు నంబర్లూ ఫోన్లోనే కాకుండా కాగితం మీద కూడా రాసి బట్టల పెట్టెలో పెట్టుకోండి. ఫోను తీసుకున్నప్పుడు అదే పనికొస్తుంది.

మొదటిసారి మెట్రో ఎక్కే చెల్లెళ్లకు ఒక్క మాట. ప్లాట్‌ఫామ్ మీద నేలపై గులాబీ గీత ఉన్న చోట నిలబడండి, ఆడవాళ్ల పెట్టె సరిగ్గా అక్కడే ఆగుతుంది. దారి తెలియకపోతే లోపల ఉన్న ఏ ఫిలిప్పీనో అమ్మాయినైనా అడగండి, చెయ్యి పట్టుకుని మరీ దింపుతారు. ఆదివారం మెట్రో పొద్దున 8 గంటలకు గానీ మొదలవదు. ఆరింటికే తయారై స్టేషన్ ముందు ఎండలో నిలబడొద్దు.