ఎన్ని యాంటీబయాటిక్ కోర్సులు వాడినా సైనస్ ఎందుకు తగ్గదు?

హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఐటీ ఉద్యోగులు తరచూ అడిగే ప్రశ్న ఇది. ముక్కు దిబ్బడ, గొంతులోకి జారే కఫం, ముఖం బరువు, వాసన తెలియకపోవడం... ఇలాంటివి 12 వారాలు దాటినా వదలకపోతే అది మామూలు జలుబు కాదు, దీర్ఘకాలిక సైనసైటిస్ అయి ఉండొచ్చు.

బుగ్గ వెనకుండే సైనస్ అనే గాలి గదికి దారి అడుగున లేదు, పైభాగంలో ఉంది. అక్కడి తేమను కంటికి కనపడని సన్నని నూగు పైకి నెడుతూ ఉంటుంది. పొర వాచిందంటే ఆ దారి మూసుకుపోతుంది, కఫం నిలవ ఉండి వాపు ఇంకా పెరుగుతుంది. అసలు సమస్య చాలామందిలో వాపే. అందుకే మందుల షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ నాలుగు రోజులు ఊరట ఇచ్చినట్టే ఇచ్చి వదిలేస్తుంది. కోకాపేట, నానక్‌రామ్‌గూడ నిర్మాణాల దుమ్ము, ఖాళీ ప్లాట్లలో పెరిగే వయ్యారిభామ పుప్పొడి ఎలర్జీ ఉన్నవారికి మరింత ఇబ్బంది. ఏసీ ఒక్కటే ఈ జబ్బు తెచ్చిపెట్టదు గానీ, పొడిగాలికి కఫం చిక్కబడుతుంది.

"ముక్కేగా, దానికింత బాధా?" అంటారు ఇంట్లోవాళ్లు. ఇది అన్యాయమైన మాట. రాత్రంతా నోటితో గాలి పీల్చేవారికి నిద్ర చాలదు, పొద్దున మీటింగులో విన్నది బుర్రకెక్కదు. పోపులో ఇంగువ వాసనే కాదు, గ్యాస్ లీకైనా తెలియదు. 1995లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో ఈ రోగులు ఒంటినొప్పి, నలుగురితో మెలగడం విషయాల్లో గుండె వైఫల్యం ఉన్నవారికంటే ఎక్కువ ఇబ్బంది చెప్పుకున్నారు. డాక్టర్లు వాడే స్నాట్-22 పట్టికలోని 22 ప్రశ్నల్లో నిద్ర, అలసట, ఏకాగ్రత, చిరాకు కూడా ఉన్నాయి. కాబట్టి డాక్టరు దగ్గర ముక్కు సంగతితో ఆగకండి, నిద్ర సంగతీ పని సంగతీ చెప్పండి.

మరి తగ్గేదెలా? ముందు ఉప్పునీటితో ముక్కు కడగడం. ఈ ప్రాంతంలో చాలా అపార్ట్‌మెంట్లకు ట్యాంకర్ నీళ్లే దిక్కు. వాటిని నేరుగా ముక్కులో పోయకూడదు. కనీసం ఒక నిమిషం తెర్లనిచ్చి, చల్లార్చి, షాపులో దొరికే సెలైన్ పొడి కలపాలి. సింకు మీదికి వంగి నోటితో గాలి పీలుస్తూ ఒక ముక్కులో పోస్తే రెండోదాంట్లోంచి వస్తుంది. ఆ తర్వాత డాక్టరు రాసిన స్టెరాయిడ్ స్ప్రే. ఎడమ ముక్కుకు కుడిచేయి, కుడి ముక్కుకు ఎడమచేయి వాడి, మొనను మధ్యగోడ వైపు కాకుండా చెవి వైపు తిప్పాలి. గుణం కనపడటానికి వారాలు పడుతుంది, మానేయొద్దు. దిబ్బడను నిమిషాల్లో విడగొట్టే జైలోమెటాజోలిన్ చుక్కలు మాత్రం వారానికి మించి వేసుకుంటే దిబ్బడ తిరగబెడుతుంది.

వెలుతురు చూడలేకపోవడం, వికారంతో తలనొప్పి వస్తుంటే అది మైగ్రేన్ కావచ్చు, ఆ సంగతీ అడగండి. మందులకు లొంగకపోతే ఎండోస్కోపీ, సీటీ స్కాన్ చూసి ఆపరేషన్‌తో దారులు వెడల్పు చేస్తారు. ఆ తర్వాత కూడా కడగడం, స్ప్రే కొనసాగించాలి. కార్పొరేట్ ఆస్పత్రి ఖర్చు భరించలేనివారికి కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది. కంటి చుట్టూ వాచినా, ఒకటి రెండుగా కనిపించినా, జ్వరంతో తల పగిలిపోతున్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ పూటే వెళ్లాలి.